ఉతకని గుడ్డ

ఆయ్, కూర్చోండి ధర్మారావు గారూ,
ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, గోడకి ఆనుకోండి.
జాకెట్లు కుట్టే కొట్టుకి మగాళ్ళు రారని కాదు,
వచ్చినవాళ్ళు సంచీ పుచ్చుకుని పోతారు గానీ
"నాకూ సూది పట్టడం నేర్పండి" అనరు.

పల్లిపాలెంలో మీరు వల బాగుచేస్తుంటే చూశాను,
బొటనవేలికి తగిలించి, బీడీ ఆరిపోయినా చూడకుండా.
ఆ చేతికి నేను నేర్పేదేముంది?
ఉంది. వలకి కన్నాలు ఉంచాలి,
బొమ్మకి ఉంచకూడదు.

మొదటి పాఠం కాగితం.
నిన్నటి పేపరు మడిచి సగం బొమ్మే గీయండి,
విప్పితే మిగతా సగం అదే వస్తుంది.
గీత మీద కత్తిరించకండి,
చుట్టూ చిటికెనవేలి గోరంత వదలండి.
చెవుల్ని లోపలికి తిప్పి పెట్టండి.
బయటికి రావలసినవి ముందు లోపలే ఉంటాయి.

రెండో పాఠం గుడ్డ.
ఏ గుడ్డైనా నానేసి, ఉతికి, నీడన ఆరేయాలి,
లేకపోతే మొదటి స్నానానికే బొమ్మ ముడుచుకుపోతుంది.
ఇరవై రెండేళ్ళుగా ఇదే చెప్తున్నాను.

మీరు సంచీలోంచి నైటీ తీశారు.
ఊదా పువ్వులది, భుజం దగ్గర పల్చబడ్డది.
"ఉతకొద్దండి," అన్నారు.

రొయ్యల షెడ్డులో రాత్రి డ్యూటీ అట మీ నూకరత్నానికి.
సాయంత్రం పంటెక్కి గోదారి దాటితే
నరసాపురంలో కంపెనీ బస్సు.
పిల్ల చీకట్లో పక్క తడుముకుంటుందట.
మీ చొక్కా ఇస్తే విసిరికొడుతుందట,
ఈ నైటీ కొస నోట్లో పెట్టుకుంటే కళ్ళు మూస్తుందట.
"మెడకి చుట్టుకుంటుందేమోనని బయవండి.
అందుకే బొమ్మ చేద్దావని."

గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
పౌడరు, చెమట, పాలు,
వాటన్నిటి అడుగున కాస్త రొయ్య.

లంకలో మా అమ్మమ్మ గేదె ఒకేడు ఈనింది,
మూడోనాటికి దూడ పోయింది.
ఎవరు పొదుగు పట్టినా చేపలేదు.
అబ్బులు తాత దూడతోలులో ఎండుగడ్డి కూరి,
వెదురుముక్కలు నాలుగు కాళ్ళుగా దిగేసి,
గోనె పురికొసతో పొట్ట కుట్టాడు.
కళ్ళు లేవు. ఒక కాలు వంకర.
నేను నవ్వాను, ఏడేళ్ళదాన్ని.
గేదె దాన్ని నాకింది,
నాకి నాకి, గడ్డి పొడుచుకొచ్చిన చోట
ఇంకాస్త మెల్లగా నాకింది.
చెంబు మోగింది.

అది మోసమా అని చాలా ఏళ్ళు అనుకున్నాను.
ఇప్పటికీ తెలీదు.
తోలు మాత్రం తాత కడగలేదు.

సరే, ఉతకొద్దు. కత్తెర పట్టండి.

రెండు వేళ్ళు దూరేంత సందు వదిలి కుట్టండి,
ఇప్పుడు తిరగేయండి. మూలల్లోకి పెన్సిలు మొద్దువైపు,
ఈనె అయితే చీల్చేస్తుంది.
బూరుగు దూది ఆ డబ్బాలో ఉంది, ఫ్యాను ఆపండి.
చిటికెడు చిటికెడు. ముందు కాళ్ళు,
తర్వాత తల, పొట్ట ఆఖరున.
మనుషుల వరస కాదు ఇది.
గుండీ కళ్ళు వద్దు, పీకి మింగుతుంది,
నల్లదారంతో నాలుగు పోగులు చాలు.

వేలికి మూడుసార్లు పొడుచుకున్నారు, చెప్పలేదు.
సందు మూసి, చివర మీరేదో ముడి వేశారు.
నేను లాగాను. రాలేదు.
పళ్ళతో లాగాను, రాలేదు.
"ఇంకోసారి వేసి చూపించండి," అన్నాను,
స్టూలు నేను తీసుకుని.

కుందేలనే మొదలెట్టాం.
ఒక చెవి లోపలే ఉండిపోయింది,
మెడ గట్టిపడక తల వాలింది.
"ఏ జంతువంటే ఏం చెప్పనండి?"
పిల్లే చెబుద్దిలెండి.

గుమ్మం దిగి మళ్ళీ వెనక్కొచ్చారు.
"కొన్నాళ్ళకి వాసన పోద్ది కదండీ?"

పోకుండా చూడండి.
రాత్రి పిల్ల పక్కలో, పగలు నూకరత్నం పక్కలో,
ఇద్దరికీ వంతులు వేయండి.
మిగిలిన చెయ్యిముక్క పారేయకండి,
రెండో చెవికి పనికొస్తుంది.